మా మామగారి పేరున్న జీతగాడు

నేను పుట్టింది కోరుట్లలో. మా గల్లీలో ఒకే పేరున్న మగవాళ్ళు నలుగురుండేవాళ్ళు. ఒకాయనది సైకిల్ షాపు. ఒకాయన పొట్టాయన. ఒకాయన కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి, ఆ ఇల్లు పాతబడి సున్నం రాలిపోయాక కూడా కొత్తింటాయనే. నాలుగో ఆయనకు ఏ ప్రత్యేకతా లేదు, అందుకని ఉత్త పేరుతోనే పిలిచేవాళ్ళు. మా పక్కింటి దర్జీ ఉర్దూ మాట్లాడే పెద్దమనిషి, ఆయన నలుగురినీ 'భాయ్' అని ఊరుకునేవాడు. వేములవాడ దేవునికి మొక్కుకుని కన్న కొడుకులకు మా దిక్కు ఎక్కువగా పెట్టే పేరు అది. దాన్ని నేనిక్కడ రాయను. రాస్తే మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, తన ఇంటి సంగతి పుస్తకంలో పడిందని పదిమందికి చూపిస్తారు. ఆ సంతోషం నా చేతులతో ఇవ్వలేను.

ఉద్యోగం మొదట సిరిసిల్లలో వచ్చింది. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపే ఇళ్ళ పిల్లలు నా తరగతిలో ఎక్కువ. హాజరు వేస్తూ ఆ పేరు పిలిస్తే ముందు వరసలోంచీ వెనక వరసలోంచీ 'ఉన్న మేడం' అని ఒక్కసారే లేచేవాళ్ళు. వాళ్ళల్లో ఒకడు బడి ఎగ్గొడితే ఇంకొకడు వాని హాజరు కూడా తానే పలికేవాడు. తిట్టబోతే 'పేరు ఒక్కటే గద మేడం' అనేవాడు. నాకు నవ్వాగేది కాదు. పేరంటే చౌరస్తాలో బోరింగు లాంటిది, ఎవరికి దప్పికైతే వాళ్ళు కొట్టుకుని తాగుతారు అనుకునేదాన్ని.

మేడిపల్లి దిక్కు ఊరికి కోడలుగా పోయాక తెలిసింది, ఆ పేరుకు ఓనర్లున్నారని.

మా అత్తగారిది ఒకప్పటి దొరల ఇల్లు. 'ఒకప్పటి' అన్న మాట వాళ్ళ ముందు అనకూడదు. భూములు చాలావరకు పోయాయి. గడీ, అంటే వాళ్ళ కోటలాంటి ఇల్లు, దాని పైకప్పు సగం కూలింది, మిగిలిన సగంలో గబ్బిలాలు కాపురం పెట్టాయి. జగిత్యాలలో ఒక పెట్రోలు పంపు, దాని పక్కన అద్దెకిచ్చిన షట్టర్లు, ఇంతే ఇప్పటి రాజ్యం. చింత చచ్చినా పులుపు మాత్రం చావలేదు. ఆ ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు. అట్లా మా మామగారికి ఆయన తాత పేరు, ఆ తాతకు ఆయన తాత పేరు, అన్నీ ఒకటే. బావగారు ఈ వరస చెప్పడం మొదలుపెడితే చేతిలో చాయ్ చల్లారి మీగడ కట్టేది. మొదటాయన గుర్రం మీద తిరిగాడట. రెండో ఆయన గడీ కట్టించాడట. మూడో ఆయన మా మామగారు. ఆయన ఏం చేశారని అడిగితే బావగారు ఒక్క క్షణం ఆగి, 'మా నాయిన ఉన్నడంటెనే ఊరుకు ధైర్యం' అనేవారు. ఆయన పోయేదాకా, నేను చూసినంత కాలం, ఆ ధైర్యం మధ్యాహ్నం అన్నం తిని, దీపాలు పెట్టేదాకా పడక కుర్చీలో గురక పెట్టింది.

మొదటాయన గుర్రం సంగతి మా అత్తగారే ఒకసారి నోరు జారింది. గుర్రం ఆయన్ను కింద పడేస్తే నడుము విరిగిందట. గుర్రం మీద తిరిగింది ఒక్క పూట, మంచం మీద ఉన్నది మిగతా జన్మంతా. గడీ మాత్రం రెండో ఆయనే కట్టించాడు, కాదనను. దానికి రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు మాత్రం బావగారి వరసలో రావు.

ఈ ముగ్గురితో బావగారికి తృప్తి లేదు. పేపర్లో ఆ పేరున్న పెద్ద డాక్టరు కనిపిస్తే 'మన పేరే' అంటారు. వందల ఏండ్ల కింద ఎక్కడో ఏలిన ఒక రాజుది కూడా అదే పేరని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి ఆ రాజు కూడా మాకు చుట్టమైపోయాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్ళను అందరం చూశాం. ఈయన ఊరందరి తాతలు తాగిన నెయ్యీ తన మూతికే పూసుకున్నారు. అదే పేరున్నవాడు బైకు దొంగతనంలో దొరికాడని వస్తే మాత్రం ఆ పేజీ గబుక్కున తిప్పేసి, 'వాడు అయ్య, మనం రావు' అంటారు. ఆయన దృష్టిలో పేరు చివర రావు ఉంటే వంశం, అయ్య ఉంటే కూలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. భర్త పేరు, మామ పేరు నోటితో అనకూడదు. నా కొడుకు పుడితే వానికి తాత పేరే పెట్టారు. కని పాలిచ్చి పెంచుతున్న పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిచే భాగ్యం నాకు లేకుండా పోయింది. అత్తగారికేమో అది భర్త పేరు, నాకేమో మామ పేరు. ఇద్దరం వాణ్ని 'బాపూ', అంటే నాన్నా, అని పిలిచేవాళ్ళం. మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఇట్లాగే పిలుస్తారు, వాళ్ళ ఇళ్ళల్లో అది ముద్దుగానే ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ పేరు మీద కాపలా ఉండేది.

ఆ ఇంట్లో ఒక జీతగాడుండేవాడు. ఏడాదికింత అని మాట్లాడుకుని పొలం పని, పశువుల పని, చెప్పినా చెప్పకపోయినా ఇంటి పని చేసే మనిషి. మా అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలో చేరాడట. నేను పోయేసరికి ఆయన తల నెరిసింది. అందరూ ఆయన్ను పిలిచే పిలుపు వింటే, ఇది మనిషి పేరా ఎద్దు పేరా అని కొత్తలో నాకు అనుమానం వచ్చేది. ఆ పిలుపు కూడా ఇక్కడ రాయను, రాస్తే ఆయనకు మళ్ళీ అంటుకుంటుంది. నాకది నోటికి రాక 'కాకా' అనేదాన్ని. జీతగాణ్ని కాకా అనుడేందని అత్తగారు మూతి ముడిచేది. నౌకరీ చేసే ఆడవాళ్ళకు తలకాయ తిరుగుతుందని బావగారు తీర్మానించేవారు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

కాకా అసలు పేరు నాకు జగిత్యాల బస్టాండులో తెలిసింది. కొండగట్టుకు పోయే జనంతో ఆ రోజు బస్టాండు కిక్కిరిసి ఉంది. నా కొడుకు అప్పుడు చిన్నవాడు. చెయ్యి విడిపించుకుని గుంపులో దూరాడు. కాకా మా బియ్యం మూట మోసుకుని వెంట వచ్చాడు. నేను 'బాపూ, బాపూ' అని అరిస్తే నలుగురు ముసలివాళ్ళు నా వైపు చూశారు. అసలు పేరు గొంతు దాకా వచ్చింది. నాలుక మాత్రం లేవలేదు. కొడుకు తప్పిపోతుంటే మామగారి మర్యాద నా నోటికి అడ్డం నిలబడింది. ఆ మర్యాద మీద ఆ రోజు పుట్టిన అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు.

కాకా మూట కిందపడేసి గొంతెత్తి ఆ పేరు పిలిచాడు. ఒక కండక్టరు తిరిగి చూశాడు. జామకాయలమ్మే ఆయన తిరిగి చూశాడు. సిమెంటు బెంచీ మీద నిద్రపోతున్న ఒకాయన లేచి 'ఎవలు?' అన్నాడు. వాళ్ళ మధ్యలోంచి నా కొడుకు కూడా తిరిగి చూశాడు.

పిల్లవాణ్ని ఎత్తుకొచ్చి నా చేతికిచ్చి, కాకా తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు.

'ఇంట్ల చెప్పకమ్మా' అన్నాడు.

'ఏం చెప్పద్దు కాకా?'

'చిన్నదొరను పేరు వెట్టి పిలిచిన గద.' చిన్నగా నవ్వాడు. 'నాది గూడ గదే పేరమ్మా. మా నాయిన వేములాడల మొక్కుకొని వెట్టిండు. గా పేరు నోట్లకెల్లి ఎల్లక శానేండ్లాయె.'

ఆయన చెప్పొద్దన్నది పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిచిన సంగతి, అది చెప్పలేదు. పేరు సంగతి మాత్రం ఇంటికి పోయాక అత్తగారిని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. అది దాచుకోవాల్సిన విషయమని ఆమెకు తోస్తే కదా.

'మీ మామ పేరు వెట్టి అరేయ్ తురేయ్ అని పిలుస్తనా? పెండ తియ్యిరా అంటనా?' అంది. 'గా ఏడు మన ఎద్దొకటి సచ్చింది. దాని పేరే వానికి వెట్టిన. వానికేం, పలికిండు.'

దొరసాని ఒక పేరు పెట్టింది, ఆయన పలికాడు, కథ అయిపోయింది. ఊరు కూడా ఆ పేరే పట్టుకుంది. ఆయన కులపోళ్ళు కూడా అదే పట్టుకున్నారు. దొరలను తిట్టడం తేలిక, ఆ పని అందరూ చేస్తారు. నేను ఆ ఊరిని కూడా వదిలిపెట్టను. ఒక మనిషి తమ మధ్యే తిరుగుతూ, తమ చావులకు కట్టెలు మోస్తూ, పెళ్ళిళ్ళకు పందిళ్ళు వేస్తూ ముసలివాడైతే, నీ అసలు పేరేందని అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆ పేరు మరిచిపోనిది ఒక్క ఆయన బిడ్డే. ఆమెను ఎల్లంతకుంట దిక్కు ఇచ్చారు. ఇప్పుడు సిరిసిల్లలో బీడీలు చేసుకుంటూ బతుకుతుంది.

కాకా పోయినేడు వానలు తగ్గాక చనిపోయాడు. ఇప్పుడు మా దిక్కు ఎవరు పోయినా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాలి. బతికినప్పుడు గంజి పోయనివాళ్ళు కూడా గోడంత ఫ్లెక్సీ కడుతున్నారు. కాకా బిడ్డ బతికినప్పుడూ చూసుకుంది, పోయాకా కట్టింది. సిరిసిల్లలో కొట్టించుకొచ్చింది. కాకా ఫోటో, దండ, కన్నీటి శ్రద్ధాంజలి, కింద ఎర్రటి అక్షరాలతో ఆయన అసలు పేరు, చివర అయ్యా లేదు, రావూ లేదు. ఊళ్ళో బస్సు ఆగే చోట కట్టింది. ఊరంతా దాని కింద నిలబడి, 'మొఖం మనోనిదే, పేరు దొరది వడ్డదేంది? కొట్టినోడు తప్పు కొట్టిండు' అన్నది.

మేమిప్పుడు ఊళ్ళో ఉండం, జగిత్యాలలో ఎవరిళ్ళు వాళ్ళవి, కాబట్టి ఎవరో ఫోన్లో తీసి బావగారికి పంపారు. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశారు.

'జూసినవా? మా నాయిన పేరు మీద జీతగాని బొమ్మ! అచ్చే మా నాయిన జయంతికి నేను గదే జాగల ఫ్లెక్సీ కట్టాలె. జనం ఏమనుకుంటరు?'

'ఇద్దరిది ఒక్కటే పేరనుకుంటరు బావా.'

'ఒక్కటే పేరు ఎట్లయితది?' అన్నారు. కోపంతో అన్న మాట కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు. అంత వయసు మనిషి, డిగ్రీ చదివిన మనిషి.

మర్నాడు పెట్రోలు పంపులో పనిచేసే మనిషిని ఊరికి పంపించి, ఫ్లెక్సీ మీద ఆ పేరు కనిపించకుండా కాగితం అంటించి, దాని మీద 'ఊళ్ళె పిలిచే పేరు' రాయమన్నారు. కాకా బిడ్డ ఒప్పుకోలేదు. వాళ్ళ నాయినను కాకా అన్నది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ పూటే నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

'ఫ్లెక్సీ గాలికి చినుగుతదమ్మా, దాని రంది నాకు లేదు. పదోద్దు నాడు బాయికాడ పిట్టకు పెడ్తం. అప్పుడు పేరు వెట్టి పిలువాలె. మా కులపోళ్ళు గూడ గా ఎద్దు పేరే పిలుస్తమంటున్నరు, గదే అలవాటైందట. ఇగ మా నాయినకు బువ్వ వెట్టేది గదే ఆఖరు. ఎద్దు పేరు వెట్టి పిలిస్తె మా నాయిన ఎట్లస్తడు? నువ్వన్న రా అమ్మా.'

వస్తానని చెప్పాను. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు, లేకున్నా వచ్చేవాడు కాదు. ఒక్కదాన్నే ఆటోలో పోయాను.

పిట్టకు పెట్టడమంటే పదో రోజున, చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, పొలం దగ్గర విస్తట్లో పెట్టి, వాళ్ళను పేరు పెట్టి పిలిచి దూరంగా నిలబడటం. కాకి వచ్చి ముడితే వాళ్ళు తిన్నట్టు. ముట్టేదాకా ఎవరూ అన్నం తినరు. ముట్టకపోతే, మనసులో ఏదో కోరిక పెట్టుకుని పోయాడని గుసగుసలు మొదలవుతాయి.

కాకా బిడ్డ మోదుగాకు విస్తట్లో అన్నం, మాంసం కూర, మక్కగట్క, అంటే మొక్కజొన్న సంకటి, పెట్టింది. పక్కన దొప్పలో కల్లు పోసింది. బీడీల కట్ట పెట్టింది, అవి తను చేసినవే. బావగారు అప్పటికే వచ్చి ఉన్నారు. కారు గట్టు మీద ఆపి, చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చచ్చిన మనిషి మీద ప్రేమతో వచ్చారనుకుని ఊరోళ్ళు మురిసిపోయి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చారు. ఆయన పేరుకు కాపలా కాయడానికి వచ్చారని నాకు తెలుసు.

కులపెద్ద ముందుకొచ్చి ఆ ఎద్దు పేరు పిలిచి, 'రా, తిను' అన్నాడు. కాకులు మోటరు రూం మీద కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. 'నీ బిడ్డను మేం జూసుకుంటం, రంది వెట్టుకోకు' అన్నారు ఒకరు. 'నీ బర్రెను అమ్మం' అన్నారు ఇంకొకరు. కాకి కదల్లేదు. బావగారికి షుగరు, ఆకలికి ఆగలేరు. చేతి గడియారం చూసుకుంటూ, 'ఇంక జర కల్లు పొయ్యిండ్రి, వానికి గదే పానం' అని సలహా ఇచ్చారు. ఇన్నేళ్ళ చాకిరీ చేయించుకున్న ఇల్లు ఆ మనిషి గురించి తెలుసుకున్నది ఆ ఒక్క సంగతి.

అప్పుడు కాకా బిడ్డ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

'మీరు జరుగుండ్రి. మా నాయిన పేరు వెట్టి నేను పిలుస్త.'

కులపెద్ద బావగారి ముఖం చూశాడు. అందరూ బావగారి ముఖమే చూశారు. నాకు ఒళ్ళు మండింది.

'దాని నాయినను అది పిలుసుకుంటది. మీరు అటెందుకు జూస్తున్నరు?' అన్నాను.

బావగారు కుర్చీలోంచి లేచారు. కోపంతో లేచారనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే ముఖంలో కోపం లేదు. భయం ఉంది.

'గా పేరు పిలువకు' అన్నారు ఆమెతో, గొంతు తగ్గించి.

'ఎందుకు దొరా?'

'మా నాయినది గదే పేరు. నువ్వు పిలిస్తె మా నాయిన అస్తే?'

ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేకపోయాను.

'అచ్చి జీతగాని ఇస్తట్ల మూతి వెడ్తే ఎట్ల?' అన్నారు బావగారు.

కాకా బిడ్డ ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో ఉన్నంత రోత నేను ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ పైకి చూపించలేకపోయాను.

'అస్తె రానియ్యి దొరా' అంది. 'ఇంటికి అచ్చినోళ్ళను మేం లేవగొట్టం. ఇద్దరికి సరిపోనే వెట్టిన. కని ముందుగాల మా నాయిన తింటడు.'

పొలం దిక్కు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పేరు పిలిచింది. ఆ పేరు నేను నా చిన్నప్పటి నుంచీ ఎన్నిచోట్ల విన్నానో లెక్కలేదు. ఒక మనిషిని పిలిచినట్టు వినిపించింది మాత్రం అప్పుడే. ఇంకోసారి పిలిచింది. 'నాయినా, రా, బువ్వ సల్లారుతంది' అంది. అప్పుడు ఏడ్చింది.

బావగారు తలెత్తి ఆకాశం వైపు చూస్తున్నారు.

కొంతసేపటికి మోటరు రూం మీద నుంచి రెండు కాకులు దిగాయి. ఒకటి నేరుగా విస్తట్లోకి వచ్చి మాంసం ముక్క పట్టింది. 'ముట్టింది, ముట్టింది' అని జనమంతా ఊపిరి వదిలారు. రెండోది గట్టు మీదే ఆగి, మెడ అటూ ఇటూ తిప్పుతూ, మొదటిది ఎప్పుడు జరుగుతుందా అని చూస్తోంది.

బావగారు నా పక్కకు జరిగారు. చేతులు జోడించారు గానీ ఎటు తిప్పాలో ఆయనకు తెలియలేదు.

'అండ్ల మా నాయిన ఏది?' అని అడిగారు మెల్లగా.

'అగో, ఇంక వంతు రాక కూసున్నది గద బావా' అన్నాను. 'గదే.'